మిగిలిన యాభై నాలుగు మాత్రలు

నంద్యాలలోని ఒక ఆసుపత్రిలో చీఫ్ ఫార్మసిస్టుగా నా ఉద్యోగం ముగియడానికి రెండేళ్ల ముందు, ఒక సోమవారం ఉదయం 9.40కి వీరాచారి నా కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆళ్లగడ్డ నుంచి సుమారు నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చాడు. వయసు నలభై ఆరు, వృత్తి రాతిశిల్పం. వ్యాధి రుమటాయిడ్ కీళ్లవాతం: శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే సొంత కీళ్లపై దాడి చేస్తుంది. ఆ శక్తిని అణిచే మెథోట్రెక్సేట్ మొదలుపెట్టి పన్నెండు వారాలైనా ఎడమచేతి పిడికిలి ముడుచుకోవడం లేదు. ఉలి పట్టే చేయి అదే. షెడ్డులో ఆరడుగుల విగ్రహానికి ముఖం ఒక్కటే మిగిలి ఉంది.

మాత్ర పనిచేయలేదని భావించి, మా వైద్యురాలు మరింత బలమైన ఇంజెక్షన్‌ను చీటీలో రాశారు. దానికి ముందు క్షయ పరీక్షలు తప్పనిసరి. ఊపిరితిత్తుల్లో అణగి ఉన్న క్షయను అది మేల్కొల్పగలదు. ఇరవై ఐదేళ్లు రాతిధూళి పీల్చిన మనిషికి ఆ ముప్పు మరీ ఎక్కువ.

మందు మారినప్పుడు పాత మాత్రలు లెక్కించడం నా పద్ధతి. వారానికొకసారి ఆరు చొప్పున డెబ్బై రెండు ఇచ్చాం. అతని భార్య సరస్వతమ్మ సంచిలోంచి తీసినవి యాభై నాలుగు. ఎప్పుడెప్పుడు మింగావని అడిగాను.

“అమాసకు మింగినా సార్. సెలవునాడు ఏసుకోమని మీరే గదా అంటిరి. మా శిల్పులకు అమాసే సెలవు. ఆ పొద్దు ఉలి ముట్టం.”

“రాయికి కొలతలు బాగా ఏస్తాడు సార్ ఈయప్ప. మాత్రల కాడికొస్తే లెక్క తెల్దు,” అంది సరస్వతమ్మ.

తప్పు నాది. మందు తెచ్చే నీరసం పనికి అడ్డురాకూడదని, అందరికీ చెప్పినట్టే అతనికీ సెలవునాడు వేసుకోమని చెప్పాను. వారం పేరు చెప్పలేదు. చీటీలో సరిగానే ఉన్నా అతను నమ్మింది నా నోటిమాటను.

“అయితే మిగిలినవి దినామూ మింగేదా సార్? తొందరగా తగ్గుతాది గదా?”

రోజూ మింగితే రక్తకణాలు పుట్టే ఎముక మూలుగే దెబ్బతిని ప్రాణం పోవచ్చని చెప్పాను. మాత్రలకు బేస్తవారం, అంటే గురువారం, ఖాయం చేసుకున్నాడు. ఆ పేరు ప్రతి మాత్రల అట్ట మీదా ఎర్రసిరాతో రాసి, అతని చేత చదివించాను. వైద్యురాలు చీటీలో ఇంజెక్షన్‌ను కొట్టివేశారు. వారంలో మరో రోజున దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ ఆమ్లం, నెలనెలా రక్తపరీక్ష, కాలేయ పరీక్ష.

రెండో నెలలో కాలేయ ఎంజైములు పెరిగాయి. రెండు వారాలు ఆపి, మోతాదు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాం. బేస్తవారం లెక్క మొదలైన పద్దెనిమిదో వారం అతను కౌంటరు మీద పిడికిలి బిగించి చూపాడు.

“ముఖం అయిపాయె సార్. ఆళ్లగడ్డకొచ్చి మీరు చూడాల.”

వెళ్లి చూశాను. నల్లరాతిలో కనురెప్ప అంచు వెంట్రుకంత సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా సాగింది. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో అంతకు మించిన పరీక్షా నివేదిక నా చేతికి రాలేదు.

ఆ తరువాత మా కౌంటరులో వారం పేరు రాయకుండా ఈ మాత్రల అట్ట ఒక్కటి కూడా బయటికి పోలేదు. రోగికి సెలవు ఎప్పుడో అడగకుండా సెలవురోజు అని చెప్పకూడదని నేర్చుకున్నాను. ఇక నష్టాలు: సరైన మోతాదు అందని పన్నెండు వారాలు, ఆలోగా అతనికి చేజారిన ఒక నంది విగ్రహం పని, ఎడమచేతి చిటికెన వేలు. అది ఇప్పటికీ నిటారుగా చాచుకోదు.