గొడుగు కథకు అడ్డురాని యంత్రం

ప్రయోగ పరికరాలు వేడెక్కకుండా చల్లటి నీళ్లిచ్చే చిల్లర్ కొనాలంటే లోకమంతా కాగితాలు చూస్తుంది. కుర్చీగారు మాత్రం దాని పక్కన కూర్చుని కథ చెబుతారు.

ఆ పెద్ద పరిశోధనా కేంద్రానికి కొనుగోళ్ల అధికారి ఆయన. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా చంకలో మడతకుర్చీ ఉండాల్సిందే, అందుకే ఆ పేరు. నడుస్తున్న చిల్లర్ పక్కన కుర్చీ వేసుకుని, జూనియర్ ఇంజనీరమ్మాయిని ఎదురుగా నిలబెట్టి, మామూలు గొంతుతో గొడుగు కథ ఎత్తుకుంటారు. విన్నది ఆమె తిరిగి అప్పజెప్పాలి. ఆమె తడబడిందా, యంత్రం ఫెయిలు.

మొదటి ఫ్యాక్టరీలో ఆమెకు 'వాన' ఒక్కటే వినపడింది. రెండోచోట కాస్త నయం.

"మీరు ఉద్యోగంలో చేరిన రోజు జోరువాన. ఎవరో మీ చేతిలో గొడుగు పెట్టి..."

"ఊఁ, పెట్టి?"

"పెట్టి, గుర్రుమన్నారండీ."

"గుర్రుమన్నది యంత్రం. పద."

డైరెక్టరు ఫోన్లో లబోదిబోమన్నారు. "పాత చిల్లర్ కొన ఊపిరితో ఉంది. అదాగితే ప్రయోగాలన్నీ మూత. మధ్యలో మీ కథేమిటండీ బాబూ!"

తిరుగు ప్రయాణంలో, ఆఫీసు వ్యానులో ఆయన పక్క సీటు ఎప్పటిలాగే ఖాళీ. కథ మొదలెడతారని అందరికీ హడలు. అమ్మాయికి జాలేసి వెళ్లి కూర్చుంది.

"ఇంట్లోవాళ్లకైనా చివరిదాకా చెప్పారా సార్?"

"ఇంట్లో గోడలే ఉన్నాయమ్మా. వాటికి చెవులుంటాయంటారుగా, చెప్పి చూశా" అని నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

"ఈ ఏడాది ఆఖర్లోగా ఒకరికి వినిపించాలి. ఆ తర్వాత అతనుండడు."

"అయ్యో! ఏం జబ్బండీ?"

"రిటైర్‌మెంటు."

మూడో యంత్రం దగ్గర ఆమె గడగడా అప్పజెప్పింది. "గొడుగిచ్చి, యంత్రాల గదిలోకి వెళ్లిపోయాడు. తర్వాత?"

"తర్వాతది నీక్కాదు. యంత్రం పాస్."

కొత్త చిల్లర్ బిగించారు. చిల్లర్ నడిపే ఆపరేటర్ రిటైరయ్యే రోజున, భోజనాల వేళ, కాగితాలు పట్టుకుని యంత్రాల గదికి వెళ్లిన అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. మడతకుర్చీలో కుర్చీగారు, ఎదురుగా ఆపరేటర్, మధ్యలో క్యారేజీలు.

"ఆ గొడుగిచ్చింది నువ్వే. ఆ మాట చెప్పాలనే ఇరవై రెండేళ్లుగా ఇక్కడ కూర్చుని తింటున్నా."

"అదా మీరనేది! పాత యంత్రం హోరులో, కూరలో ఉప్పెక్కువైందంటున్నారనుకుని తలూపేవాణ్ని. బయట చెప్పొచ్చుగా సార్?"

"బయట నువ్వు బస్సు వెంట పరిగెడతావు."

ఆపరేటర్ నవ్వాడు. "పోన్లెండి. భోజనాల వేళ తప్ప పొద్దస్తమానం ఇక్కడ ఒంటరిగా చచ్చాను. నా తర్వాత వచ్చేవాడికి మనిషి గొంతు వినపడుతుంది."

కుర్చీగారు ఇన్నేళ్లు దాచిన ఆ గొడుగు అందించారు. ఆపరేటర్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నాది కాదు సార్. మన స్టోర్స్‌ది. పిడి మీద నంబరుంది."

కొనుగోళ్ల అధికారి ముఖం పాలిపోయింది. తేరుకుని, మెల్లగా అడిగారు.

"రేపట్నుంచి ఎక్కడ తింటావు?"

"మీ ఇంట్లో. నాదీ ఒక కథుంది సార్. ఇరవై రెండేళ్లుగా నేనూ చెబుతూనే ఉన్నా. మీరూ తలూపుతూనే ఉన్నారు."