మరిడమ్మ రంగం రాయి

“కొయ్యకుండా అమ్మితేనే నాలుగు డబ్బులొస్తాయి వదినా. కోసాక లోపల తెల్లగా ఉంటే దాన్ని ఎవడు సూస్తాడు?”

“అమ్మడానికైతే రంగం నుంచి బియ్యం కుండలో దాసి తెస్తానేటి? గాజు తీస్తాను.”

“మొగుడు పోయినదానివి. నీకు గాజేటి?”

“గాజైతే కదరా పగలగొట్టేది. ఇది రాయి.”

బ్రేకు తీగ చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయాను. కాలేజీ మానేసి నరసన్నపేటలో మావయ్య సైకిల్ షాపులో కూర్చుంటున్నాను. మరిడమ్మ అడిగిన తీగ ఇచ్చి రమ్మంటే వచ్చాను. లోపల అరుస్తున్నది ఆమె మరిది కూర్మయ్య.

బర్మా నుంచి మనవాళ్లని వెళ్లగొట్టినప్పుడు రంగంలో, అంటే రంగూన్‌లో, ఓడెక్కి వచ్చింది మరిడమ్మ. మాండలేలో ఒక చీనావాడి కార్ఖానాలో మొగుడూ తనూ జేడ్ అనే పచ్చరాయి కోసేవారు. కోసిన రాళ్లన్నీ ఎవరెవరి చేతులకో గాజులయ్యాయి. మొగుడు జ్వరంతో అక్కడే పోయాడు. అతని పనికి మెచ్చి మేస్త్రి ఇచ్చిన రాయి మాత్రం ఈమెతో వచ్చింది. కొబ్బరికాయంత ఉంటుంది. పైన మట్టిరంగు తోలు, లోపల ఏ రంగో కోస్తేగాని తెలీదు.

కూర్మయ్య నన్ను తోసుకుంటూ బయటికొచ్చాడు. “నేను పట్టను. ఎలా కోస్తాదో సూస్తాను” అనేసి వెళ్లిపోయాడు.

ఆమె తీగ తీసుకుని, పాయలు విప్పి, రెండేసి మెలిపెట్టి వెదురు విల్లుకి బిగించింది. పక్కన చట్టిలో తడి ఎర్రిసక. మొదట వంశధార ఇసకతో చూసిందట, రాతిమీద గీతైనా పడలేదు. కళింగపట్నం సముద్రం ఒడ్డుకి పోయి, అంతకన్నా గట్టిదైన ఇది తెచ్చి, దంచి, నీళ్లలో తేర్చి పెట్టుకుంది.

“తీగ కొయ్యదు బాబూ. ఇసకే కోస్తాది. తీగ దాన్ని లాక్కెళ్తాది, అంతే.”

కోసిన ముక్కని మధ్యలో తొలిచి, కాలితో తొక్కే చక్రం మీద గుండ్రం తియ్యాలి, ఆఖర్న తోలుతో రుద్ది మెరుపు తేవాలి. అదంతా ఒక్కర్తే చేసుకోగలదు. కొయ్యడం మాత్రం ఇద్దరి పని. మొగుడు పోయాక రెండో మనిషి కూర్మయ్యే అనుకుంది.

నాకైతే కూర్మయ్య మాటే సబబనిపించింది. మొహం మీదే అడిగాను, “లోపల తెల్లగా ఉంటే?”

“తెల్లదే ఏసుకుంటాను.”

రాయిని రెండు దుంగల మధ్య బిగించి, తీగ ఆనేచోట ఇసకనీళ్లు పోసింది. విల్లు ఒక చివర తను పట్టుకుని, రెండోది నావైపు జరిపింది.

“బలం సెయ్యక్కర్లేదు. నేను లాగినప్పుడు వదులు, నేను వదిలినప్పుడు లాగు. ఆ కొస పడతావేటి బాబూ?”