గడ్డిలో కాయలు, మబ్బులో చుక్కలు

నా చిన్నప్పుడు, మామిడి కోతలు మొదలైన రోజుల్లో, మా తమ్ముడు నెలలు నిండకుండానే పుట్టాడు. వాణ్ణి ఏలూరు ఆసుపత్రిలో వెచ్చటి గాజు పెట్టెలో ఉంచారు. అమ్మా నాన్నా అక్కడే ఉండిపోయారు. వాడు బతుకుతాడో లేదోనని ఇంట్లో పెద్దవాళ్ళు గుసగుసలాడేవాళ్ళు. నేను రాగానే మాట మార్చేవాళ్ళు. నాకు అడగడానికి నోరు వచ్చేది కాదు, ఒకచోట కాలు నిలిచేదీ కాదు.

తమ్ముడు వచ్చిన రోజు అందరికీ పంచుదామని మా నాయనమ్మ ఆగిరిపల్లి తోట కాయల్ని కొట్టు గదిలో వరిగడ్డి కప్పి మగ్గబెట్టింది. ఎటు తిరిగినా నేను అక్కడికే చేరేదాన్ని. గడ్డిలోకి చెయ్యి దూర్చి, ఒక కాయ తీసి, నొక్కి చూసి, మళ్ళీ లోపల పెట్టేదాన్ని. ఒక సాయంత్రం నాయనమ్మ చూసేసింది.

"ఏమే, మళ్ళీ కెలికావా? వేడంతా పోతే కాయలు ముడతలు పడతాయే!"

"మరి పండాయో లేదో ఎలా తెలుస్తుంది?"

"ముక్కు లేదూ నీకు? వాసనే చెబుతుంది."

నాకు ఏడుపొచ్చింది. అది కాయల కోసం కాదని పక్కింటి అక్క కనిపెట్టింది. డిగ్రీ చదివే ఆ అక్క నన్ను డాబా మీదికి తీసుకెళ్ళి, తన బైనాక్యులర్స్ నా కళ్ళకి పెట్టింది. అప్పటికి బాగా చీకటి పడింది. పడమట వరసగా మూడు చుక్కలు, వాటికి ఎడమగా కాస్త కింద ఒక మసక మరక.

"అదీ ఒక మబ్బే, కానీ వాన మబ్బు కాదు. వాయువూ, దుమ్మూ. అందులో చుక్కలు పుడుతున్నాయి."

"ఏవీ? కనబడవేం?"

"చాలా వరకు ఇంకా లోపలే ఉన్నాయి బుజ్జీ. ముద్దగా దగ్గరికి చేరి, లోలోపల వేడెక్కుతున్నాయి. ముందే పుట్టినవాటి వేడికి మబ్బు అలా వెలుగుతోంది. ఫొటోల్లో ఐతే ఎర్రగా ఉంటుంది."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"లక్షల ఏళ్ళు."

"అన్నాళ్ళా! తీసి చూడకూడదా?"

"నీలాంటిది అక్కడ లేదు కాబట్టి సరిపోయింది!"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే నా నోట మాట జారిపోయింది. "తమ్ముడు బతుకుతాడా అక్కా?"

అక్క మాట మార్చలేదు. "తెలీదే," అంది. "వెచ్చగా ఉంచారుగా. చూద్దాం." మబ్బు కొబ్బరాకుల వెనక్కి దిగేదాకా నా పక్కనే కూర్చుంది.

కొన్నాళ్ళకి కొట్టు గది తలుపు తీయకముందే పండ్ల వాసన వరండాలోకి వచ్చేసింది. తమ్ముడు మాత్రం రాలేదు. ఆ పండ్లన్నీ అయిపోయాక, తోటలో ఆఖరి కోత నాటికి వచ్చాడు. ఇప్పుడు మా కొట్టు గది గుమ్మం వాడి తలకి తగులుతుంది.

దేనికోసమైనా ఎదురుచూడాల్సి వస్తే నా చేతులు ఇప్పటికీ ఊరుకోవు. వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. కానీ ఎవరైనా బెంగగా "ఏమవుతుంది?" అని అడిగితే మాట మార్చను. తెలియకపోతే తెలియదనే చెబుతాను, లేచి వెళ్ళిపోను.