పద్నాలుగో నంబరు బిళ్ళ

మా నాయన అన్నను, మా పెద్దబాపును, ఆయన ఇరవై రెండేళ్లు పనిచేసిన మందుల ఫ్యాక్టరీ యాజమాన్యం చంపింది. లోపల విషపు గాలి ఉందో లేదో పరీక్ష చేయకుండా, కడగడానికి ట్యాంకులోకి దింపి చంపింది. ఆ తర్వాత, డ్యూటీ దిగి పోతూ బస్టాపు దగ్గర గుండె ఆగి చనిపోయాడని కాగితం రాయించింది. ఈ మాట చెప్పిన తర్వాతే ఆయన గురించి మిగతాది చెప్పగలను.

పోయిన బుధవారం మధ్యాహ్నం గేటు సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు. "మీ పెద్దమనిషి బస్టాపు కాడ పడిపోయిండు. దవాఖానకు తీస్కపోయిన్రు, జల్దీ రండి." మేం పటాన్‌చెరు చేరేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. పెద్దమ్మ వంగి ఆయన తల నిమిరి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. "స్నానం జెయ్యలే," అంది.

ఆ మాట ఎందుకన్నదో ఇస్నాపూర్‌లో మా గల్లీ వాళ్లందరికీ తెలుసు. మా తాత కూలికి పోయిన చెలక మీదే ఆ ఫ్యాక్టరీ లేచింది. అందులో చేరిన మొదటి రోజు నుంచీ పెద్దబాపు లోపలి నల్లా కింద సబ్బుతో తల రుద్దుకోకుండా గేటు దాటి ఎరగడు. మందు వాసన ఇంటికి రాకూడదని ఆయన పట్టు. ఎండాకాలం నీళ్లు రాని రోజు డ్రమ్ములో నీళ్లు అడుగంటితే గిన్నెతో గీకి పోసుకుని మరీ వచ్చేవాడు. అలాంటి మనిషి డ్యూటీ దిగి, తలలో ఆ ఘాటుతో బస్టాపు దాకా నడిచి వచ్చాడట. నమ్మమంటున్నారు.

నేను దొరికిన కరపత్రమల్లా చదివేవాణ్ణి. చదివి అన్నం మీద అలిగేవాణ్ణి. ఆయన వాటిని మడతలు సరిచేసి అల్మారాలో పెట్టి, "సదువు కొడుకా, గని తిన్నంక సదువు. ఆకలి మీద కోపమొస్తె అది ఎవనిమీదనో తెల్వది," అనేవాడు.

రెండేళ్ల కింద దసరా పోయాక ఇంటిల్లిపాదీ తిరుపతి పోయి, వచ్చేటప్పుడు కోలార్ బంగారు గనులు చూశాం. ఆయనతో పనిచేసే ఫిట్టర్‌ది ఆ ఊరు. గనులు మూతపడ్డాక పని వెతుక్కుంటూ మన దిక్కు వచ్చాడు. తన తండ్రిని చూసి రమ్మని అడ్రసు రాసిచ్చాడు. వానలు వెనక్కి పోయి ఎండ మెత్తబడిన రోజులు. ఊరి చుట్టూ గనుల్లోంచి తోడి పోసిన బూడిద రంగు గుట్టలు, వాన చారలు పడి ముసలి చేతుల్లా ఉన్నాయి. పిల్లలు బంగారం ఏదని గోల. పెద్దమ్మ మెడలో పుస్తెలు పట్టుకుని, "నా బంగారం గీడిదేనా ఏంది?" అంది. "ఎవ్వడు దిగి తెచ్చిండో, జెర గా గుట్టకు దండం బెట్టు," అన్నాడు పెద్దబాపు.

ఫిట్టర్ తండ్రి మాకు టీ పోయించి, పెట్టెలోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీశాడు. రూపాయంత ఉంది, మధ్యలో నంబరు. "ఇట్లాంటివి మనిషికి రెండు," అన్నాడు. "దిగేటప్పుడు ఒకటి పైన మేకుకు తగిలించి పోవాల. ఇంకోటి ఒంటి మీదుండాల. పైకొచ్చి రెండూ తిరిగి ఇయ్యాల. ఒక పొద్దు షిఫ్టు అయిపోయినాక మేకున ఒక బిళ్ళ మిగిలిపోయింది. ఊర్లో ఎవురూ పొయ్యి ముట్టించలేదు."

నేను ఊరుకోలేదు. "గిది బానిసలకు ఏసిన నంబరు పెద్దబాపూ. తెల్లదొరలు మనుషులను లెక్కబెట్టుకున్నరు," అన్నాను. ఆయన బిళ్ళను అరచేతిలో తిప్పుతూ, "లెక్కవెట్టిన్రు గదరా. మమ్ముల ఎవ్వడు లెక్కవెడ్తుండు?" అన్నాడు.

వచ్చిన వారంలోనే ఆయన డ్రమ్ము మూత కత్తిరించి రేకు బిళ్ళలు చేశాడు. పంచితో నంబర్లు కొట్టాడు. ట్యాంకుల దగ్గర గోడకు ఒక చెక్క పలక బిగించి మేకులు దిగ్గొట్టాడు. తోటివాళ్లు నవ్వారు. "ఏందన్నా, మున్సిపాల్టోళ్లు కుక్కలకు గట్టినట్టు మాకు బిళ్ళలు గడ్తున్నవ్?"

"కుక్క తప్పిపోతె ఎతుకుతరు," అన్నాడట ఆయన. "నువ్వు తప్పిపోతె?"

తర్వాత ఎవరూ నవ్వలేదు. బిహార్ నుంచి వచ్చిన పిల్లలు కూడా మేకుకు తగిలించకుండా దిగేవారు కాదు. ట్యాంకులోకి దిగే ముందు బట్టలు మార్చాలి కాబట్టి రెండో బిళ్ళను ఆయన మొలతాడుకు కట్టుకునేవాడు. ఆయనది పద్నాలుగు. బయటికి రాగానే ముందు ఆ రెండింటినీ డబ్బాలో వేసి, తర్వాతే నల్లా దగ్గరకు పోయేవాడు. మనుషులను ట్యాంకుల్లోకి దింపుతున్నట్టు తెలియకూడదని, తనిఖీ వాళ్లు వచ్చే ముందు సూపర్‌వైజర్ పలక పీకేయడం, వాళ్లు పోయాక ఈయన మళ్లీ బిగించడం. ఎన్నిసార్లో.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పోస్టుమార్టం చేయించాలని దవాఖానలోనే పట్టుబట్టాను. ఇంటి పెద్దలు ఒప్పుకోలేదు. "పోయినోన్ని కోయిపిస్తవారా?" అన్నారు. శ్మశానం దాకా అదే కొట్లాట. చివరికి అందరినీ తిట్టి, కొరివి పెట్టకముందే వెళ్లిపోయాను. ఆయన చెప్పిన కోపం అదే కావచ్చు.

చితి మీద పడుకోబెట్టే ముందు మొలతాడు తెంపడం మా ఆచారం. మా నాయన తెంపాడు. మెట్టెలు, పుస్తెలు లాంటివి ఏవీ లేని మగమనిషి ఒంటి మీద ఏముంటుందని, చూడకుండానే దాన్ని వెండి ఉంగరంతో కలిపి తువ్వాలు కొంగున ముడేశాడు. మూడో రోజు బూడిద ఎత్తి వచ్చాక పెద్దమ్మ ఆ ముడి విప్పింది. ఉంగరం, నల్ల మొలతాడు, దానికి రేకు బిళ్ళ. పద్నాలుగు.

నేను అక్కడ ఉండి ఉంటే చితి అంటుకోనిచ్చేవాణ్ణి కాదు.

బయటికి వచ్చిన మనిషి ఒంటి మీద ఆ బిళ్ళ ఉండదు. ఆయన తన కాళ్ల మీద ట్యాంకులోంచి బయటికి రాలేదు. దానికి జత బిళ్ళ మేకున ఉండాలి. ఫిట్టర్ పోయి చూస్తే అసలు పలకే లేదు. గోడకు నాలుగు తొర్రలు ఉన్నాయి, వాటిలో కొత్త సిమెంటు ఇంకా తడిగా ఉందట.

శరీరం కాలిపోయింది. కానీ బిళ్ళ ఉంది, దాన్ని విప్పిన పెద్దమ్మ ఉంది, ఆ పొద్దు ఆయనతో షిఫ్టులో ఉన్నవాళ్లు ఉన్నారు. కేసు మళ్లీ రాయించే దాకా, ఆ పలక మళ్లీ గోడకు ఎక్కే దాకా ఊరుకోం.

ఇస్నాపూర్, చిట్కుల్ కిరాయి గదుల్లో ఉండే అన్నలారా, అక్కలారా, ఈ సోమవారం పొద్దున అయిదున్నరకు, మొదటి షిఫ్టు లోపలికి పోకముందే, ఫ్యాక్టరీ గేటు ముందుకు రండి. ఎవరి పేరు వాళ్లు గీసిన రేకు ముక్క ఒకటి తెచ్చుకోండి. పెద్దమ్మ తన తలుపు చెక్క ఒకటి ఊడదీసి ఇచ్చింది. దానికి మేకులు కొట్టి ఉంచాం. పద్నాలుగో మేకుకు ఇప్పటికే బిళ్ళ తగిలించాం. గాలికి అది చెక్కను కొడుతూ ఉంది.