ట్రిగ్గర్‌కు చుట్టిన సైకిల్ ట్యూబు

ఆ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడం నా చేత కాలేదు. చలికాలం. హవేలిఘనపూర్ దగ్గర ఒక రైతు పొలం గట్టు మీది తుమ్మచెట్లు కొట్టడానికి పోవాలి. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. గుండీ వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో తెలియడం లేదు. నా భార్య యాదమ్మ చూసి నవ్వింది.

"కొత్త పెండ్లికొడుకువా? గుండీలు గూడ నేనే పెట్టాల్నా?"

చలికి తిమ్మిరెక్కాయన్నాను. పొయ్యి దగ్గర కాచుకుంటే కాసేపటికి రంగు తిరిగింది, సూదులు గుచ్చినట్టు మంట పుట్టింది. మంట తగ్గాక మిషన్ భుజాన వేసుకుని పనికి పోయాను.

నేను మెదక్ పట్టణంలో చెట్లు కొట్టే పని చేసేవాణ్ణి. మొదట గొడ్డలితో కొట్టేవాణ్ణి. బయటి దేశాల మిషన్లు మన బజారులో దొరకడం మొదలయ్యాక పెట్రోలుతో నడిచే గొలుసు రంపం, చైన్‌సా, ఒకటి కొన్నాను. అప్పటి నుంచి అందరికీ మిషన్ సత్తయ్యనే. యాదమ్మ తమ్ముడు నర్సింలు నాకు తోడు వచ్చేవాడు. తాడు లాగడం, కొమ్మలు పట్టడం అతని పని. నేను ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడేవాడు. ఎందుకని ఏనాడూ అడగలేదు.

ఆ చలికాలం పోయినా వేళ్లు బాగుపడలేదు. చాయ్ గ్లాసు వేడి తెలియకుండా పోయింది. మెదక్‌లో చూపిస్తే డాక్టర్ హైదరాబాద్ పంపాడు. యాదమ్మకు మిషన్ సామాను కోసమని చెప్పి ఒక్కణ్ణే పోయాను. అక్కడి పెద్ద దవాఖానలో నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. చేతికి తీగలు పెట్టి కరెంటు ఇచ్చి చూశారు. డాక్టరమ్మ రిపోర్టు చదివి, "ఏం పని చేస్తవు?" అని అడిగింది. చెప్పాను.

"ఇది వైబ్రేషన్‌తోని వచ్చింది. మిషన్ అదురుడుకు నర్వ్స్ దెబ్బతిన్నయి, రక్తం సరిగ పోతలేదు. ఇది మందులతోని పోయేది కాదు. మిషన్ బంద్ చెయ్యాలె, బీడీ బంద్ చెయ్యాలె. పట్టు తప్పుతది, ఆ మిషన్ ఎవరి మీదనన్న పడ్తది. సమజైందా?"

సమజైందన్నాను. బయటికి వచ్చి బీడీ వెలిగించాను. రిపోర్టు ఫైలును మిషన్ పెట్టెలో, పాత చైన్ల అడుగున దాచాను.

ఇంట్లో పూట గడవక దాచానని చెప్పుకుంటే కొంత బాగుండేది. అది నిజం కాదు. కట్టెల డిపోలో కూలికి పోయినా మాకు జరిగేది. నాకు కావలసింది ఆ పేరు. తెలంగాణ కోసం బందులు, రాస్తారోకోలు జరుగుతున్న రోజులవి. రోడ్డుకు అడ్డంగా చెట్టు పడాలంటే అందరూ నా ఇంటికే వచ్చేవారు. "సత్తన్నా, నువ్వు రావాలె" అని పెద్ద పెద్దవాళ్లు గడపలో నిలబడి పిలిచేవారు. వేళ్లు చచ్చుబడినవాణ్ణని తెలిస్తే ఎవరు పిలుస్తారు?

ఈ మిషన్‌కు ట్రిగ్గర్ వేలితో నొక్కి పట్టుకున్నంతసేపే చైన్ తిరగాలి. వేలు వదిలితే ఆగాలి. నా వేలికి నొక్కినదీ వదిలినదీ తెలియడం లేదు. పని మధ్యలో పట్టు జారి చైన్ ఆగిపోయేది. అందుకని పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి ట్రిగ్గర్ మీద బిగించి చుట్టాను. ఇక వేలితో పని లేదు. స్విచ్ కొడితేనే మిషన్ ఆగుతుంది. నర్సింలు అది చూశాడు.

"ఇదేంది బావా, మిషన్‌కు పట్టీ కట్టినవ్? దెబ్బ తాకిందా దానికి?"

"కొత్త పద్ధతిరా. పని జల్ది అయితది," అన్నాను.

నమ్మాడు. ఆ దసరాకు మిషన్‌ను కడిగి పూజలో పెట్టాం. చైన్ చుట్టూ తిరిగే పొడుగు పట్టీ, ఆ బార్‌కు, చైన్‌కు, హ్యాండిల్‌కు యాదమ్మ బొట్లు పెట్టింది. ట్యూబు ముక్కకు కూడా పెట్టింది.

తర్వాత కొన్నాళ్లకు మళ్లీ బంద్. ఊరు దాటగానే ఒక పెద్ద వేపను రోడ్డు మీదికి కొట్టాను. అక్కడి నుంచి ఇంకాస్త ముందుకు పోయి రెండోది కొట్టాను. అది సగం రోడ్డుకే అడ్డం పడింది. ఒక పెద్ద కొమ్మ కోసి మిగతా సగంలోకి లాగాలన్నారు. జనం గుంపుగా నిలబడి అరుస్తున్నారు.

"జల్ది కొట్టు సత్తన్నా! పోలీసోళ్లు వస్తున్నరంట!"

మిషన్ నడిచేటప్పుడు పక్క మనిషి చాలా దూరంగా ఉండాలి. నాకు తెలుసు. కానీ కోతలో బార్ ఇరుక్కుంటే లాగే బలం నా చేతికి లేదు. అందుకని నర్సింలును పిలిచాను.

"దగ్గరికి రా. కొమ్మ లేపి పట్టు."

"గింత దగ్గర్నా బావా?"

"నేనున్న కదరా."

ఆకుల చాటున ఇంకో కొమ్మ ఉంది. బార్ కొన దానికి తగిలింది. కొన తగిలితే మిషన్ ఒక్కసారిగా ఎగిరి తంతుంది. అప్పుడు ముందున్న గార్డు చేతికి తగిలి చైన్ బ్రేక్ పడాలి. ఆ గార్డు విరిగి ఎన్నో రోజులైంది. నేను కొత్తది వేయించలేదు. మిషన్ నా చేతుల్లోంచి పోయింది. పోయిన సంగతి కళ్లతో చూస్తే తెలిసింది, వేళ్లకు తెలియలేదు. ట్యూబు కట్టి ఉంది కాబట్టి చైన్ తిరుగుతూనే ఉంది. అది తిరుగుతూ నర్సింలు ఎడమకాలి మీద, మోకాలి కింద పడింది.

తువ్వాలలు గట్టిగా కట్టి అతన్ని ఎత్తుకుని ఊరివైపు పరుగెత్తాం. దారిలో మొదటి వేప అడ్డం వచ్చింది. నేను కొట్టిందే. కొమ్మల మధ్య నుంచి చేతులు మార్చుకుంటూ దాటించాం. అవతల ఒక్క బండీ లేదు. ఎవరో ఫోన్ చేస్తే ఆటో వచ్చేదాకా రోడ్డు మీదే కూర్చున్నాం. నర్సింలు తల నా ఒడిలో ఉంది. "అక్కకు చెప్పకు బావా, పరేషానైతది," అన్నాడు.

మెదక్ నుంచి హైదరాబాద్ దవాఖానకు పంపారు, అక్కడ ఎట్లా జరిగిందని అడిగారు.

"కాలు జారి మిషన్ మీద పడ్డడు," అన్నాను.

నర్సింలు వింటూనే ఉన్నాడు. యాదమ్మకూ అదే చెప్పాను. "జర చూస్కోని నిలబడొద్దారా," అని ఆమె తమ్ముణ్ణి కోప్పడుతుంటే పక్కనే ఉండి విన్నాను.

ఎముకకు రాడ్ వేశారు. పుండు మానినట్టే మాని మళ్లీ చీము పట్టింది. ఇన్ఫెక్షన్ బోన్‌లోకి పోయిందన్నారు. మళ్లీ ఆపరేషన్, మళ్లీ యాంటీబయాటిక్స్. ఇంటికి వచ్చిన ప్రతిసారీ జ్వరంతో తిరిగి పోయేవాళ్లం. చివరికి పెద్ద డాక్టర్ నన్ను పక్కకు పిలిచి, "కాలు ఉంచితే మనిషి ఉండడు. బిలో నీ ఆంప్యుటేషన్ చెయ్యాలె, మోకాలి కింద తీసెయ్యాలె," అన్నాడు. సంతకం పెట్టమన్నారు. పెన్ను పట్టు దొరకక రెండుసార్లు కింద పడింది. దుఃఖంతో అనుకున్నారు.

ఆపరేషన్ తర్వాత ఒక చలి పొద్దున చిన్న డాక్టర్ డ్రెస్సింగ్ చేస్తూ ట్రే పట్టుకోమన్నాడు. నా చేతిని చూసి ఆగాడు.

"వేళ్లు ఇట్ల తెల్లగున్నయేంది? ఎన్నాళ్ల నుంచి?"

మంచం మీద నర్సింలు, మంచం పక్కన యాదమ్మ. ఇంక అబద్ధం రాలేదు.

"రెండేండ్లు. మిషన్ పట్టొద్దని అప్పుడే చెప్పిన్రు."

యాదమ్మ లేచి బయటికి పోయింది. నర్సింలు పైకప్పు చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"పనికి రావద్దంటే నేను ఇననేమో గనీ, బావా, దూరం నిలబడు అంటే నిలబడకపోదునా? నువ్వు ఏడ నిలబడమంటే ఆడనే నిలబడ్డ కదా."



తెలంగాణ వచ్చిన రోజు మా వీధంతా రంగు చల్లుకున్నారు. నర్సింలు పెట్టుడు కాలు విప్పి గోడకు ఆనించి అరుగు మీద కూర్చుని చూశాడు. నన్నెవరో "మిషన్ సత్తన్నా" అని పిలిచారు. లోపలికి పోయాను.

ఇప్పుడు నేను ఒక కట్టెల డిపోలో వాచ్‌మన్‌ను. బీడీ మానేశాను. మంట కొంత తగ్గింది, స్పర్శ తిరిగి రాలేదు, రాదన్నారు. నర్సింలు బస్టాండు దగ్గర జిరాక్స్ మిషన్ నడుపుతాడు. పండుగకు పిలిస్తే వస్తాడు, నాతో మాట్లాడతాడు. ఆ రోజు మాట మాత్రం ఎత్తడు. యాదమ్మ రోజూ పొద్దున నా చొక్కా గుండీలు పెడుతుంది. ఇప్పుడు నవ్వదు, నా ముఖం వైపు చూడదు.

మిషన్‌తో పనిచేసే అన్నదమ్ములకు నేను చెప్పేది ఒక్కటే. పొద్దున గుండీలు మీరే పెట్టుకోండి. పెట్టుకోలేకపోతే ఆ రోజు మిషన్ ముట్టకండి. ఎందుకు ముట్టడం లేదో ముందు మీ పక్కన నిలబడే మనిషికి చెప్పండి.