పెనుకొండ దాటాకే తీర్పు

నిన్న మధ్యాహ్నం శెట్టన్న ఫోన్ చేశాడు.

"మన లాయరమ్మ లేదంటబ్బా. గుండె ఆగిపోయిందంట."

ఎవరో తప్పు చెప్పుంటారు అన్నాను. శుక్రవారం పొద్దున ఎదురు సీట్లో కూర్చుని ఉడకబెట్టిన శెనక్కాయలు తిన్న మనిషి. ముప్పై తొమ్మిదేళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు.

"రేపు పొద్దున మట్టి" అన్నాడు శెట్టన్న. అప్పుడు నమ్మాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. షంషాద్ హిందూపురంలో పరుపులు కుట్టే ఇమాంసాబ్ గారి కూతురు. ధర్మవరం కోర్టులో అడ్వకేట్. నేను ధర్మవరంలో పట్టుచీరల కొట్లో పనిచేస్తాను. శెట్టన్నకు ఆ ఊళ్లోనే చింతపండు హోల్‌సేల్ షాపు. ముగ్గురిదీ హిందూపురమే. ముగ్గురికీ సీజన్ టికెట్టే. రోజూ ఒకే రైలు, ఒకే పెట్టె.

రెండేళ్ల కిందట షంషాద్ ఎల్ఎల్ఎంలో చేరింది. ఆన్‌లైన్‌లో, ఒక విదేశీ యూనివర్సిటీలో. సబ్జెక్టు యూరోపియన్ లా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "పొలం గట్ల కేసులు వాదించేదానికి యూరప్ చట్టమెందుకు తల్లీ?" అన్నాను.

"గట్టు తగాదా యాడైనా ఒకటే కదన్నా. ఆడ దేశాల మధ్య, ఈడ దాయాదుల మధ్య" అంది.

పెళ్లి, పిల్లవాడు, కోర్టు అంటూ పదిహేనేళ్లు వాయిదా వేసుకున్న చదువు అది. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆమె చదివేది రైల్లోనే. ఇంట్లో టైమ్ ఎక్కడిది?

ఒకరోజు మాకు ఒక కేసు చెప్పింది. విమానంలో పనిచేసే ఒకామెకు అదే పని చేసే మగవాళ్ల కంటే జీతం తక్కువ ఇచ్చారట. ఆమె కోర్టుకు పోయింది, గెలిచింది. అంతా రెండు నిమిషాల్లో చెప్పేసింది.

శెట్టన్నకు కోపం వచ్చింది. "తీర్పు ముందే చెప్పేస్తే ధర్మవరం దాకా మేమేం చెయ్యాల లాయరమ్మా? గోళ్లు గిల్లుకుంటా కూర్చోవాల్నా?"

ఆ రోజు నుంచి ఒక రూల్ పెట్టుకున్నాం. హిందూపురంలో రైలు కదలగానే ఆమె కేసు చెప్పాలి. పెనుకొండ వరకు మా వాదనలు. పెనుకొండ దాటాకే తీర్పు.

పక్క సీట్లవాళ్లు కూడా వచ్చి చేరేవాళ్లు. మా గోల భరించలేక పెట్టె మారినవాళ్లూ ఉన్నారు.

మేము వాదించుకుంటుంటే ఆమె నోట్‌బుక్‌లో రాసుకునేది. మాకు అర్థం కాలేదంటే తనకే సరిగ్గా అర్థం కానట్టు లెక్క అనేది. సాయంత్రం తిరుగు రైల్లో మళ్లీ చదివేది.

ఒకసారి సరుకుల కేసు. ఒక దేశంలో చట్టప్రకారం అమ్మే సరుకును పక్క దేశం ఆపొచ్చా? శెట్టన్న ఒకటే మాటన్నాడు. "హిందూపురంలో మంచిదన్న చింతపండు ధర్మవరంలో చెడ్డదెట్లైతాది?"

షంషాద్ ఆ మాటను తన డిసర్టేషన్‌లో రాసింది. విదేశంలో ఉన్న గైడ్ దీనికి సోర్స్ ఏమిటని అడిగాడట. ఇంకొకరైతే ఆ లైను తీసేసేవాళ్లు. ఈమె ఫుట్‌నోట్ పెట్టింది. శెట్టన్న పూర్తి పేరు, చింతపండు వ్యాపారి, రైలు ప్రయాణంలో చెప్పిన మాట అని.

గైడ్ ఒప్పుకున్నాడు.

ఆ పేజీ జెరాక్స్ ఇప్పటికీ శెట్టన్న షాపులో కాటా పైన అంటించి ఉంది. ఇంగ్లీష్ రాని కస్టమర్లకు కూడా చూపిస్తాడు.

ఈ నెలాఖరుకు డిసర్టేషన్ ఇవ్వాలి. లేకపోతే ఇంకో ఏడాది. ఒక్క చాప్టర్ మిగిలింది. శుక్రవారం ఆ చాప్టర్ కేసే చెప్పింది.

ఒక తండ్రి వేరే దేశం నుంచి యూరప్‌లో ఒక దేశానికి వచ్చినవాడు. అక్కడ ఉండడానికి పర్మిషన్ లేదు. పిల్లలు మాత్రం అక్కడే పుట్టారు, ఆ దేశ పౌరులు. తండ్రిని పంపించెయ్యొచ్చా?

"చట్టం చట్టమే, పోవాల్సిందే" అన్నాడు శెట్టన్న. నేను కాదన్నాను. గొంతులు లేచాయి. ఇంతలో పెనుకొండ వచ్చింది. అక్కడ మేనకోడలి కొడుకు నామకరణం ఉందని శెట్టన్న దిగిపోయాడు.

తీర్పు చెప్పమన్నాను.

"శెట్టన్న లేకుండా ఎట్ల చెప్పేదన్నా? సోమవారం చెప్తా" అంది.

ఈరోజు సోమవారం. పొద్దున మట్టి ఇచ్చి వచ్చాం.

తర్వాత ఇమాంసాబ్ గారి అంగడి అరుగు మీద కూర్చున్నాం. లోపల సగం కుట్టిన పరుపు అలాగే ఉంది. ఆయన నన్ను అడిగాడు. "మా పాప సదువు అయిపోయిందా నాయనా?"

అబద్ధం చెప్దామనుకున్నాను. నోరు రాలేదు. "ఒక్క చాప్టర్ ఉండాదప్పా" అన్నాను.

"ఏముండాది దాంట్లో?"

శెట్టన్న కేసు చెప్పాడు. ఆమె చెప్పినట్టే, మొదటి నుంచి, తొందరపడకుండా. చివర్లో "నేను పెనుకొండలో దిగకపోయింటే తీర్పు కూడా తెలిసేదప్పా" అని ఏడ్చేశాడు. ఇన్నేళ్లలో ఆయన ఏడవడం చూడలేదు నేను.

పెద్దాయన శెట్టన్న వైపు తిరిగాడు.

"బిడ్డలు యాడుంటే నాయన ఆడ ఉండాల. ఇంగ యాడుంటాడు?" అన్నాడు.



అసలు కోర్టు ఏం చెప్పిందో ఫోన్‌లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. నేను వెతకలేదు. శెట్టన్న వెతకొద్దన్నాడు.

రేపు మళ్లీ అదే రైలు ఎక్కాలి. పెనుకొండ వరకు ఎలాగో వెళ్తాం. ఆ తర్వాతే ఏం చెయ్యాలో తెలియడం లేదు.

వెళ్లిరా షంషాద్. చదివి చదివి అలిసిపోయావు. ఆ పైవాడు నీకు నెమ్మదినివ్వాలి.