ప్రింటర్‌కి ఏ జబ్బూ లేదు

మా ప్రింటర్‌కి ఏ జబ్బూ లేదండీ. ఇప్పుడింత నిమ్మళంగా చెప్తున్నాను గానీ, ఈ ముక్క తెలుసుకునేలోపు దాన్ని చంటిపిల్లని ఆస్పత్రికి తీసుకెళ్లినట్టు ఒళ్లో పెట్టుకుని పలాస బస్సెక్కాను. మా ఆయన చేత పెరట్లో గొయ్యి తవ్వించాను. టెక్కలిలో ఒక పెళ్లికూతురి తల్లికి బీపీ తెప్పించాను. ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్తాను, టీ చల్లారేలోపు వినండి.

మాది మందస. నేనూ మా తోడికోడలు సరోజా ఇంట్లోనే జీడిపప్పు వేయించి, ఉప్పూకారం పట్టించి ప్యాకెట్లు కడతాం. పెళ్లిళ్లలో వచ్చినవాళ్లకి తాంబూలంతో పాటు ఇవ్వడానికి ఈ మధ్య బాగా అడుగుతున్నారు. ప్యాకెట్ మీద వధూవరుల పేర్లతో స్టిక్కర్ అంటిస్తాం. దానికోసమే కంప్యూటరూ, చిన్న స్టిక్కర్ ప్రింటరూ కొన్నాం. వాటి పెత్తనం నాది. పెళ్లికి ముందు పలాసలో కంప్యూటర్ కోర్సు చేశాను లెండి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరినీ మర్చిపోనివ్వను.

టెక్కలి నుంచి పెద్ద ఆర్డర్. హారిక, సంతోష్. పప్పంతా వేయించడం అయింది, స్టిక్కర్లు సగం తీయడం అయింది. మర్నాటికి మిగతావి తీసేసి, ఆ మరుసటి పొద్దున్నే సరుకు పంపించెయ్యాలి, ఆ రాత్రే పెళ్లి. ఇంత పని నెత్తి మీద పెట్టుకుని, నాకు ఉన్నట్టుండి కంప్యూటర్ బల్ల కింద చీమలు కనిపించాయి. జీడిపప్పు ఉన్న ఇంట్లో చీమలు కాక ఏనుగులు వస్తాయా? వదిలెయ్యొచ్చు. వదల్లేదు. వైర్లన్నీ ఊడబీకి, తుడిచి, మళ్లీ పెట్టాను.

పెట్టడం అంటే ఎలా పెట్టాననుకున్నారు? మా బల్ల గోడకి ఆనించి ఉంటుంది, పక్కనంతా పప్పు బస్తాలు. సీపీయూ వెనకాలకి చెయ్యి తప్ప తల పట్టదు. నేల మీద బోర్లా పడుకుని, చెంప బల్లకి ఆనించి, వేళ్లతో తడిమి తడిమి పెట్టాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"కనబడకండా ఎట్టెత్తన్నావు, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో ఎట్టీగలవు," అన్నాడు.

"అలా జరగదు. దేని కన్నం దానిదే. తప్పు కన్నంలో దూరనే దూరదు. అందుకే ఒక్కోటీ ఒక్కో ఆకారంలో చేశారు," అని పడుకునే క్లాసు చెప్పాను.

మానిటర్‌ది దూరింది. కరెంటుది దూరింది. ప్రింటర్‌ది కూడా చక్కగా దూరి కూర్చుంది. లేచి చీర దులుపుకుని ప్రింట్ నొక్కాను. ఏమీ రాలేదు. ప్రింటర్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. కంప్యూటరేమో అసలు ప్రింటరనేదే లేదంటుంది.

"నిన్నటిదాకా బాగానే ఉంది కదా. తుడిసినాకే పోనాదేటి?" అన్నాడు మా ఆయన.

"తుడిస్తే పోవడానికి అదేమైనా ముగ్గా?" అన్నాను.

ఆపి మళ్లీ ఆన్ చేశాను. డ్రైవర్ తీసేసి, ఫోన్ నెట్ పెట్టి మళ్లీ ఎక్కించాను. డేటా అయిపోయింది గానీ స్టిక్కర్ రాలేదు. తెల్లారగానే ప్రింటర్ని దుప్పటిలో చుట్టి పలాస బస్సెక్కాను. పక్కసీటావిడ కాస్త జరిగి, "పాపా, బాబా?" అని అడిగింది. ప్రింటరని చెప్పాక ఆవిడ మళ్లీ నాతో మాట్లాడలేదు.

పలాసలో మా మేనమామ కొడుకు రవణ బావకి కంప్యూటర్ షాపుంది. దుప్పటి విప్పి చూసి నవ్వాడు. తన కంప్యూటర్‌కి పెట్టాడు. చర్రున స్టిక్కర్ వచ్చింది.

"దీనికేటీ నేదు పిల్లా, రాయిలాగుంది. వైరు సరిగ్గా ఎట్టినావా?"

"గట్టిగా కూర్చుంది బావా. నాకా చెప్తావు?"

"మరైతే వైరు పోయుంతాది. ఇది తీసుకెల్లు," అని కొత్త వైరిచ్చాడు.

ఇంటికొచ్చి మళ్లీ బోర్లా పడుకున్నాను. అదే చెయ్యి, అదే కన్నం. కొత్త వైరు ఇంకా బాగా కూర్చుంది. ప్రింట్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఈలోగా టెక్కలి నుంచి పెళ్లికూతురి తల్లి ఫోను. "అయిపోనాయా అమ్మా స్టిక్కర్లు?"

"అవుతున్నాయండీ," అన్నాను.

"మగపెల్లివోరు ఇసాపట్నం మనుసులమ్మా. పేర్లు లేకండా ఉత్త ప్యాకెట్లు ఎడితే నా పరువు పోతాది," అందావిడ.

ఫోన్ పెట్టగానే బావకి చేశాను. ఈసారి సీపీయూ తెమ్మన్నాడు. మా ఆయన బండి నడుపుతుంటే, సీపీయూని మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టి రెండు చేతులా కౌగిలించుకుని కూర్చున్నాను. ప్రతి గతుకుకీ దాని మూల నా పొట్టలో దిగుతోంది.

షాపులో బావ దాన్ని కౌంటర్ మీద పెట్టి వైర్లు తగిలించే టైముకి మళ్లీ టెక్కలి ఫోను. బయటికెళ్లి ఆవిడకి సర్దిచెప్పి లోపలికొచ్చేసరికి, అతని ప్రింటర్లోంచి హారిక, సంతోష్ వరుసగా వస్తున్నారు.

"నీ సీపీయూ బాగుంది. నీ ప్రింటరూ బాగుంది. మరి మీ ఇల్లే బాగోనేదేమో," అన్నాడు బావ. కొంచెం ఆలోచించి, "సీపీయూ ముట్టుకుంటే జివ్వుమంతాదా?" అనడిగాడు.

"ఒక్కోసారి అంటుంది."

"అదిగో. ఎర్తింగ్ నేదు మీ ఇంటికి. ముందది సేయించు."

మిగతా స్టిక్కర్లు అక్కడే ఆ ప్రింటర్లో తీసుకుని వచ్చేస్తే అయిపోయేదని మీరు అనొచ్చు. సరోజ కూడా అదే అంది, ఇంటికొచ్చాక. నాకు ఆ బుద్ధి పుట్టలేదు. ఎర్తింగ్ అన్న మాట వినగానే రోగం దొరికిందని ఎగిరి గంతేసి, సీపీయూని మళ్లీ కౌగిలించుకుని వచ్చేశాను.

ఇక పెరట్లో గొయ్యి. మా ఆయన పలుగూ పారా పట్టుకుని దిగాడు. ఇనప రాడ్డు పాతి, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పొయ్యాలట. ఉప్పెక్కడుంది? పప్పులోకి తెచ్చిన ఉప్పంతా గోతిలో పోశాం. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూశాడు.

"ఏటి బావా, ఏ మొక్క పాతుతున్నావు?"

"ప్రింటర్ మొక్క," అన్నాడు మా ఆయన తలెత్తకుండా.

రాడ్డు నుంచి వైరు లాగి మా ఆయన లోపలికొచ్చాడు. ఒళ్లంతా మట్టి. నేను మూడోసారి బోర్లా పడుకుని, వైర్లు తడిమి పెట్టి, లేచి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముందుగా 'టెస్ట్' అని టైపు చేసి ప్రింట్ నొక్కాను. రాలేదు. 'రా తల్లీ' అని కొట్టాను. రాలేదు. 'దండం పెడతాను రావే' అన్నాను. ఆ తర్వాత ఏమేం టైపు చేశానో అప్పుడు నాకే తెలీదు. కోపం వచ్చినప్పుడు మనిషి నోటితో తిడతాడు. నేను కీబోర్డుతో తిట్టాను, ప్రతి తిట్టుకీ ప్రింట్ కూడా నొక్కాను.

వెనకాల సరోజ ఎప్పుడు మొదలెట్టిందో, ఖాళీ స్టిక్కర్ల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాస్తోంది. తీసి చూశాను. హారిక కాస్తా హరిక అయింది, సంతోష్ చివర చోటు చాలక 'సంతో' దగ్గర ఆగిపోయాడు.

"నేకపోతే ఏటి సేత్తాం అక్కా," అంది తలెత్తకుండా. "పొద్దున బండొచ్చీసరికి ఏదోటి ఉండాల కదా."

ఆ 'సంతో'ని చూశాక నా గర్వం పూర్తిగా దిగిపోయింది. బావకి ఫోన్ చేసి ఏడుపు గొంతుతో రమ్మన్నాను. షాపు కట్టేసి, దీపాలు పెట్టే వేళకి బండి మీద దిగాడు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. బస్తాలు పక్కకి లాగించి, బల్లని గోడకి దూరంగా జరిపించి, సెల్ లైటు వేసుకుని వెనకాల కూర్చున్నాడు.

"ఈ ప్రింటర్ వైరు ఎవరెట్టినారు?"

"నేనే."

"దీని కొనని ఏటంటారు?"

"యూఎస్‌బీ." కోర్సులో మొదటి రోజు పాఠం, ఠక్కున చెప్పాను.

"ఇటొచ్చి సూడు. ఇది ఎట్టిన కన్నాన్ని ఏటంటారు?"

వంగి చూశాను. మేం నెట్ ఫోన్లోంచి వాడతాం గనక ఎప్పుడూ ఖాళీగా పడి ఉండే కన్నం అది. యూఎస్‌బీ కన్నాలకి సరిగ్గా పైన ఉంది. వెడల్పు కూడా అంతే. నా వైరు అందులో సొంత ఇల్లులా కూర్చుని ఉంది.

"లాన్," అన్నాను.

"నెట్టు వైరు ఎట్టీ కన్నంలో ప్రింటర్ వైరు ఎట్టి, నన్ను పలాస నుంచి రప్పించినావు. దూరితే సాలా? దూరినవన్నీ పని సేత్తాయేటి?" అన్నాడు బావ. వైరు లాగి, కింద కన్నంలో పెట్టాడు.

ప్రింటర్ ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. అప్పటిదాకా కంప్యూటర్లో ఆగిపోయినవన్నీ వరుసకట్టి బయటికి రావడం మొదలెట్టాయి. మా ఆయన మట్టి చేతుల్తో ఒక్కొక్కటీ అందుకుని, పెద్దగా చదువుతున్నాడు.

"టెస్ట్. రా తల్లీ. దండం పెడతాను రావే. చచ్చావా." తర్వాతిది చూసి, "ఇది నానింతమందిలో సదవలేను," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సరోజ మొహం గోడవైపు తిప్పేసుకుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. బావ అప్పుడు మంచినీళ్లు అడిగాడు. తిట్లన్నీ అయ్యాక, ఆఖర్న హారిక, సంతోష్ వచ్చారు. రోల్ అయిపోతుందేమోనని నేను ప్రాణం ఉగ్గబట్టుకుని చూస్తూనే ఉన్నాను గానీ, సరిపోయింది. నలుగురం కూర్చుని అంటించాం. పొద్దున్నే సరుకు టెక్కలి వెళ్లిపోయింది.

పెళ్లికి మమ్మల్నీ పిలిచారు. పెళ్లికూతురి తల్లి నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, "స్టిక్కర్లు ఎంత బాగా కుదిరినాయో, అందరూ అడగతన్నారు," అంది. ఆ చెయ్యి వదలకుండానే హాల్లో పెద్ద టీవీ దగ్గరికి లాక్కెళ్లింది. పక్కన లాప్‌టాప్. నా చేతిలో ఒక నల్ల వైరు పెట్టింది.

"ఫొటోలు రాటంలేదమ్మా. ఎనకాల ఏదో కన్నంలో ఎట్టాలంట. నువ్వు కంప్యూటర్ సదివినావు కదా, సిటికెలో ఎట్టీగలవు."

టీవీ వెనకాలకి తొంగి చూశాను. చీకటి. చీకట్లో వరసగా కన్నాలు. దూరంగా మా ఆయన, రెండు చేతులూ జోడించి నా వైపే చూస్తున్నాడు.

"నాకు కంప్యూటర్ రాదండీ," అన్నాను. "జీడిపప్పు వేయించుకునేదాన్ని, నాకివన్నీ ఎలా తెలుస్తాయి?"

వైరుని భద్రంగా ఆవిడ చేతిలో పెట్టేసి, తిన్నగా భోజనాల పంక్తిలోకి వెళ్లి కూర్చున్నాను. ముద్ద ఏ కన్నంలో పెట్టాలో మాత్రం నాకింకా అనుమానం రాలేదు.